మగపురుగు లేని వంశములు

సంతానము కలుగుటకు తల్లియు తండ్రియు ఇరువురును ఉండవలెనని మనము సాధారణముగా తలచుదుము. పశుపక్ష్యాదులయందు మనకు నిత్యము కనబడు నియమము ఇదియే. కాని కీటకలోకమున ఈ నియమము పలుచోట్ల తప్పుచున్నది. మగదానితో పని లేకయే ఆడపిల్లలను కను పురుగులు మన పెరటి చిక్కుడుపాదు మీదనే యున్నవి. ఫలదీకరణము లేని ఇట్టి పుట్టుకకు అనిషేక జననమని పేరు. అందును ఆడ సంతతియే కలుగు విధమును శాస్త్రజ్ఞులు థెలిటోకీ యందురు. గ్రీకు భాషలో ఈ మాటకు ఆడకాన్పు అని అర్థము.

దీనిని పరీక్షచే నిరూపించినవాడు జెనీవా నగరవాసియగు షార్ల్ బొనె. 1740వ సంవత్సరమున, ఇరువది యేండ్ల ప్రాయమున, ఆయన అప్పుడే పుట్టిన పేనుబంక పురుగు నొకదానిని గాజుపాత్ర క్రింద ఒంటరిగా నుంచి, దినదినము కనిపెట్టుచు వచ్చెను. మగపురుగు దాని దరి చేరుటకు దారియే లేదు. అయినను అది పెరిగి 95 పిల్లలను కనెను.

ఇది ఎట్లు సాధ్యము? సామాన్యముగా తల్లి గ్రుడ్డులో క్రోమోజోములు సగమే యుండును. తక్కిన సగము తండ్రి నుండి వచ్చును. పేనుబంకలో ఆ సగమగుట జరుగదు. తల్లి క్రోమోజోములన్నియు గ్రుడ్డులో నిలిచి, తల్లివంటి కూతురే కలుగును. ఆ కూతురు పుట్టకమునుపే దాని కడుపులో మనుమరాండ్రు పెరుగుట మొదలిడును! శీతల దేశములలో చలికాలమునకు ముందు మగపురుగులును పుట్టి, జతకూడిన ఆడవి గ్రుడ్లు పెట్టును. మన ఉష్ణదేశమున వేరుసెనగను పీడించు పేనుబంక సాధారణముగా ఏడాది పొడవున ఆడ సంతతితోనే వృద్ధినొందును.

తేనెటీగలలో ఫలదీకరణము కాని గ్రుడ్డు నుండి సాధారణముగా పోతుటీగ పుట్టును. కాని దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతపు పనియీగల గ్రుడ్లలో, సగమైన రెండు కేంద్రకములు మరల కలిసి, ఆడ ఈగలు పుట్టును. 1990లో పెంపకందారులు ఆ ఈగల పట్టులను ఉత్తరమునకు గొనిపోగా, అవి అచ్చటి పట్టులలో చొరబడి, పని మాని గ్రుడ్లు పెట్టసాగెను. వాటి కూతుండ్రును అట్లే చేసెను. పనిచేయు ఈగలు కరవై పెక్కు పట్టులు నశించెను. ఆ చొరబాటుదారులన్నియు ఒక్క పనియీగ సంతతియే యని తరువాతి పరిశోధనలలో తేలినది.

కొన్నిచోట్ల ఈ విచిత్రమునకు కారణము ఒక సూక్ష్మజీవి. చిమ్మటల గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టు ట్రైకోగ్రామా యను చిన్న కందిరీగలలో కొన్ని వంశములు ఆడవానినే కనును. వానికి ఆంటీబయాటిక్ మందు పెట్టగా మగవియు పుట్టెనని 1990లో వెల్లడియైనది. వాని శరీరమునందలి వోల్బాకియా యను బాక్టీరియా తల్లి గ్రుడ్డు ద్వారానే సంక్రమించును గనుక, దానికి మగపిల్లలతో పని లేదు. ఎనిమిది కాళ్లుగల నల్లులలోను ఇట్టివి కలవు. బ్రెవిపాల్పస్ నల్లులలో ఆడవానికిని సగము క్రోమోజోములే యున్నవనియు, మగది కావలసిన గ్రుడ్డును బాక్టీరియాయే ఆడదానిగా మార్చుచున్నదనియు 2001లో తెలిసినది.

ఈ పద్ధతివలన లాభమును కలదు, నష్టమును కలదు. జత వెదకు పని లేదు, పుట్టినవన్నియు కనునవే. ఒక్కొక్కటి 50 పిల్లలను కని, అన్నియు బ్రతికినచో, మూడవ తరమునకు 1,25,000 అగును. అక్షింతల పురుగులు వానిని తినుచుండుటచేతనే చేలు మిగులుచున్నవి. మందునకు చావని పురుగు ఒక్కటి మిగిలినను, దాని కూతుండ్రకు ఆ శక్తి సంక్రమించును. కాని ఒకే అచ్చున పోసినట్లున్న వంశమును ఒకే తెగులు నేలమట్టము చేయవచ్చును. తల్లిదండ్రుల గుణములు కలిసి పుట్టు సంతతిలోని వైవిధ్యము ఇట్టి వేళ రక్షకమగును.

కావున, విద్యార్థులారా, చేనిలో పురుగు ఒక్కటే గదా యని ఉపేక్షింపకుడు. లేతాకును త్రిప్పి, దాని అడుగుభాగమును చూడుడు. అచ్చట నున్న ఒంటరి పురుగు రాబోవు దండునకు తల్లి కావచ్చును. దానిని నేడు నలిపివేయుటకు వ్రేలు చాలును. పక్షము దినములు గడచిన పిమ్మట రైతు సొమ్మును శ్రమయు చాలకపోవచ్చును.