వైద్య వివరములు — భద్రమైన నకళ్ళు

ఇల్లు గాని పొలము గాని కొనినవారు దస్తావేజును రిజిస్టరు చేయించుట మనమెల్లరము ఎరిగినదే. అసలు పత్రము మన పెట్టెలో నుండును. దాని నకలు రిజిస్ట్రారు కచేరీలో నుండును. పెట్టె చెదలపాలైనను, దొంగలపాలైనను కచేరీకి పోయి నకలు తెచ్చుకొనవచ్చును. ఆస్తి విషయమున ఇంత ముందుచూపు గల మనము, ప్రాణముతో ముడిపడిన వైద్య వివరముల విషయమున అంతటి జాగ్రత్త వహించుచున్నామా?

పూర్వము వైద్యుడు వ్రాసి యిచ్చిన చీటీ మన చేతిలోనే యుండెడిది. నేడు పెద్ద ఆసుపత్రులలో రోగి పేరు నమోదు మొదలు రక్తపరీక్షల ఫలితములు, ఎక్స్‌రే చిత్రములు, మందుల పట్టికల వరకు సమస్తమును కంప్యూటర్లలో చేరినవి. ఇది గొప్ప సౌకర్యమే. అయినను సర్వమును ఒక్కచోట చేర్చినపుడు, ఆ ఒక్కచోటికి వచ్చిన ఆపద సర్వమునకును వచ్చినట్లే.

ఆ ఆపదలలో ప్రధానమైనది రాన్సమ్‌వేర్ అను దుష్ట ప్రోగ్రాము. సామాన్యుడైన దొంగ సొత్తు మోసికొని పోవును. ఈ దొంగ మన బీరువాకు తన తాళము వేసి, తాళపుచెవి కావలెనన్న సొమ్ము ఇమ్మని అడుగును. కొందరు లోపలి వివరములను కూడ ఎత్తికొనిపోయి, బయటపెట్టుదుమని బెదరింతురు.

2022 నవంబరు 23 న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థపై ఇట్టి దాడి జరిగినది. ఐదు సర్వర్లు దెబ్బతిని, దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారము చదువుటకు వీలులేని రూపమునకు మారిపోయినది. రోగుల నమోదు, చేర్పు మొదలైన పనులను సిబ్బంది మరల కాగితములపై చేతితో వ్రాసి జరుపవలసి వచ్చెను. ముఖ్యమైన సేవలు తిరిగి కుదుటపడుటకు రెండు వారములు పట్టినది. దాడి సోకని వేరొక సర్వరులో నుండిన నకలునుండి రోగుల నమోదు వ్యవస్థ వివరములన్నిటిని తిరిగి తీసి, క్రొత్త సర్వర్లలో నిలిపినట్లు ప్రభుత్వము పార్లమెంటుకు తెలిపెను. వేరుగా నుండిన నకలే ఆనాడు ఆదుకొన్నది.

ఐర్లండు దేశపు ప్రభుత్వ ఆరోగ్య సేవా సంస్థ అనుభవము మరియొక పాఠము నేర్పుచున్నది. 2021 మార్చి 18 న అచ్చట ఒక కంప్యూటరుపై ఈమెయిలుతో వచ్చిన ఎక్సెల్ పత్రమును తెరచిరి. ఆ ద్వారమున జొరబడినవారు ఎనిమిది వారములు చడీచప్పుడు లేకుండ లోపల సంచరించి, మే 14 న దాడి చేసిరి. వారమైనను తిరుగకముందే దుండగులు తాళపుచెవిని ఉచితముగా ఇచ్చిరి. అయినను సర్వర్లన్నియు బాగుపడుటకు సెప్టెంబరు వరకు పట్టినది. చెవి చేతికి వచ్చినంత మాత్రమున ఇల్లు చక్కబడదని దీనివలన తెలియుచున్నది.

కావున నకలు ఎట్లుండవలెను? ఈ శాస్త్రము తెలిసినవారు 3-2-1 అను సూత్రమును చెప్పుదురు. వివరములకు మూడు ప్రతులుండవలెను. అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను. అందొకటి వేరొక ఊరనో వేరొక భవనముననో ఉండవలెను. కనీసమొక ప్రతి నెట్‌వర్కుతో సంబంధము లేకుండ విడిగా నుండుట అవసరము. అదే తీగకు తగిలించి యుంచిన నకలుపైనను దొంగ తాళము వేయగలడు. నిన్నటి నకలు మాత్రమే కాక వారముల వెనుకటి నకళ్ళు కూడ నిలుపవలెను. ఏలయన దొంగ ఎన్నడు జొరబడెనో చెప్పలేము.

నకలునుండి వివరములు తిరిగి వచ్చుచున్నవో లేదో అప్పుడప్పుడు పరీక్షించుట మరువరాదు. ఒక్కనాడైనను తాళములో పెట్టి చూడని మారుచెవిని నమ్మి ఊరికి పోవుట ఎట్టిదో, పరీక్షింపని నకలును నమ్ముటయు అట్టిదే. నకలు ఉన్నంత మాత్రమున దొంగిలింపబడిన రహస్యము వెనుకకు రాదు. కావున ఆ నకలును కూడ సంకేత లిపిలో భద్రపరచి, పాస్‌వర్డులను పదిలముగా కాపాడవలెను.

ఈ పద్ధతి మనవారికి బొత్తిగా క్రొత్తది కాదు. 19వ శతాబ్దమున కడపలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, శిథిలమగుచున్న తాళపత్ర గ్రంథములకు నకళ్ళు వ్రాయించెను. ప్రతి ఒక్కటే యున్న గ్రంథము ఆయువు ఆ ఒక్క ఆకుకట్ట ఆయువే గదా!

ఆసుపత్రులు చేయవలసినది ఆసుపత్రులు చేయవలెను. తల్లిదండ్రులు చేయదగినదియు కొంత కలదు. పిల్లల టీకాల కార్డు, రక్తవర్గము, పడని మందుల పేర్లు, ఆసుపత్రినుండి ఇంటికి పంపునపుడు ఇచ్చు సారాంశ పత్రము — వీనికి ఒక కాగితపు ప్రతి ఇంటను, ఒక ప్రతి పెన్‌డ్రైవులోను, మరియొకటి నమ్మకమైన బంధువు ఇంటను ఉంచుడు. ఫోనులోని ప్రతి ఒక్కటే చాలునని నమ్మకుడు. ఎవరికిని ఓటీపీ చెప్పకుడు.

తెలుగు తప్ప వేరుభాష రాని అవ్వలు, తాతలు మన ఇండ్లలో నేటికిని ఉన్నారు. ఇతర భాష మాటలాడు వైద్యుని యెదుట, తమకు పడని మందు ఏదో వారు చెప్పలేకపోవచ్చును. అట్టివేళ వారి పక్షమున మాటలాడునది ఆ కాగితమే. ఈ సంచికను చదివి ముగించిన సాయంకాలమే ఆ కాగితములను వెదకి, వానికి నకళ్ళు తీయించవలెనని తల్లిదండ్రులను మేము కోరుచున్నాము.