మిల్లింగు యంత్రమునకు గూడు

వడ్రంగి బాడిసతో దూలమును చెక్కునపుడు పేళ్లు ఎగిరి దూరముగా పడుచుండును. ఆడుకొను పిల్లలు దాపునకు వచ్చినచో అతడు చేయి నిలిపి, వారిని ఆవలకు పంపి, మరల పనికి పూనుకొనును. చెక్కెడు యంత్రమునకు ఈ వివేకము లేదు. ఎదుట ఇనుమున్నను వేలున్నను దానికి ఒక్కటే. కర్మాగారములో దాని చెంతకు తెలియనివారిని రానీయరు. పనివారికి ముందుగా శిక్షణ మిత్తురు. అట్టి యంత్రము ఇంటిలోనికి వచ్చినచో ఏమి చేయవలెను? దానికొక గూడు కట్టవలెను. ఆ గూడు చూచుటకు అద్దపు తలుపుల బీరువావలె నుండును గాని, దానిని కట్టుట బీరువా చేయుటవంటిది కాదు.

మొదట యంత్రమును గూర్చి కొంత తెలిసికొనవలెను. తరిమెనలో చెక్కవలసిన వస్తువు తిరుగును. పనిముట్టు తిరుగక నిలిచియుండును. మిల్లింగు యంత్రములో దీనికి విపర్యయముగా పనిముట్టు తిరుగును. వస్తువు బల్లపై బిగింపబడి మెల్లగా జరుగును. తిరుగు ఆ పనిముట్టునే కట్టరు అందురు. ఈ యంత్రమును 1818 ప్రాంతమున అమెరికా దేశస్థుడైన ఎలై విట్నీ కనిపెట్టెనని చాలకాలము గ్రంథములలో వ్రాయుచు వచ్చిరి. ఆ కీర్తి ఒక్కనికే చెల్లదనియు, తుపాకులు చేయు కర్మాగారములలో పలువురు ఇంచుమించు ఒకే కాలమున దానిని రూపొందించిరనియు పిమ్మటి చరిత్రకారులు తేల్చిరి. 1862లో జోసెఫ్ బ్రౌను అనునతడు బర్మాలపై మెలికల గాడులను సైతము తీయగల యంత్రమును నిర్మించెను. 1952లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు, రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీలోని అంకెలను బట్టి తనంతట నడచు మిల్లింగు యంత్రమును ప్రదర్శించిరి. నేడు అట్టివే బల్లమీద ఇమడునంత చిన్నవి అంగడిలో దొరకుచున్నవి.

ఇంటిలో ఇట్టి యంత్రమేల యని అడుగవచ్చును. ఇంగ్లండులో ఈ అభిరుచి పాతది. 1898లో లండను నగరమున పెర్సివల్ మార్షల్ ‘మోడల్ ఇంజనీర్’ అను పత్రికను స్థాపించెను. ఉద్యోగము ముగించుకొని వచ్చి, పెరటి కొట్టములో చిన్న చిన్న ఆవిరి యంత్రములను తమ చేతులతో చేసికొనువారికి అది తోడయ్యెను. అట్టివారు ఇప్పుడు పలు దేశములలో కలరు. కర్మాగారమునకును ఇంటికిని నడుమ గోడ యొక్కటే అడ్డముగా గలవారు వీరు.

ఆ గోడను దాటి వచ్చునవి యేవో చూడవలెను. చిన్న యంత్రపు కట్టరు నిమిషమునకు 24,000 చుట్లు, అనగా సెకనునకు 400 చుట్లు తిరుగుట కలదు. కట్టరు వ్యాసము 6 మిల్లీమీటరులైనచో దాని అంచు సెకనునకు ఏడున్నర మీటరుల వేగముతో పోవును. ఇది పరుగెత్తు మనుష్యుని వేగమే. అయినను కట్టరు విరిగినపుడు ఎగురు తునక సూదివలె వాడియై యుండును. కంటిని చెరచుటకు అంతకు మించిన వేగ మక్కరలేదు. అల్యూమినియపు రజను అంత భయంకరము కాదు గాని, అది పాదములకు అంటుకొని వంటయింటివరకు పోవును. కొయ్యను చెక్కినచో లేచు ధూళి ఇంకను చెడ్డది. అది మానవులకు క్యాన్సరు కలిగించు వస్తువులలో నొకటియని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో వెలువరించిన గ్రంథమున చేర్చెను.

వీనికి తోడు నీరు. అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలరు లోహములను కోయుటను గూర్చి 1906లో సమర్పించిన వ్యాసమున, కోత జరుగు తావున ధారాళముగా నీరు విడిచినచో కోత వేగమును నూటికి 30 మొదలు 40 వంతుల వరకు హెచ్చింపవచ్చునని తెలిపెను. నేడు నీటిలో ప్రత్యేకమైన నూనె కలిపి వాడుదురు. అది మజ్జిగవలె తెల్లగా నుండును. దానిని కూలెంటు అందురు. గిరగిర తిరుగు కట్టరుపై పడిన కూలెంటు నలుదిక్కులకు చిమ్మును. గూడు కట్టువానికి రజనుకంటె ఈ ద్రవమే గట్టి పరీక్ష.

కాని మొదటి పొరపాటు నీటితో గాక కొలతలతోనే జరుగుచుండును. యంత్రము కదలక యున్నపుడు కొలిచి, దానికి సరిపడు గూడు చేయుదురు. యంత్రపు బల్ల పొడవు 500 మిల్లీమీటరులనుకొందము. అది ఇటునటు 300 మిల్లీమీటరులు జరుగును. ఎడమ కొన నుండి కుడి కొన వరకు ఆ బల్ల ఆక్రమించు చోటు 800 మిల్లీమీటరులగును. ఇరుప్రక్కల చేయి దూరునంత సందు విడిచినచో గూడు లోపలి వెడల్పు 1,000 మిల్లీమీటరులుండవలెను. వెనుక పొడుచుకొని వచ్చిన మోటారును, పైకి లేచు తలను, వానితో కూడ కదలు తీగలను ఇట్లే కొలువవలెను. ఈ లెక్క తప్పినవారు గూడు కట్టిన పిదప దాని ప్రక్కగోడకు రంధ్రము చేయుట తరచుగా జరుగును. ఆ రంధ్రమునుండి వచ్చునది బల్ల మాత్రమే కాదు.

చట్రమును గూర్చి చెప్పవలసినది తక్కువ. అల్యూమినియపు కమ్మీలైనను, ఇనుప ఏంగిళ్లయినను సరిపోవును. మూలలు వంకరపోకుండిన చాలును. అసలు పని అడుగున నుండు పళ్లెముతో మొదలగును.

పెంకుటింటి కప్పును చూచినవారికి ఈ పనిలోని రహస్యము తెలియుట సులభము. పెంకులను బంకతో అతికింపరు. పై వరుస పెంకు క్రింది వరుసపై కొంత కప్పునట్లు పేర్తురు. పెంకునకు పెంకునకు నడుమ సందున్నను, నీరు తన బరువుచే క్రిందికే జారును గావున ఇంటిలోనికి రాదు. గూటికి కూడ ఇదే సూత్రము, భేద మొక్కటే. ఇంటికి వాన వెలుపల. ఈ గూటికి వాన లోపల. కనుక ఇచటి కప్పుదల తలక్రిందు కాదు గాని లోవెలుపలగును. పళ్లెపు అంచులను పైకి మడువవలెను. ప్రక్కగోడల రేకుల అడుగు అంచులు ఆ మడతకు లోపలి వైపున దిగవలెను. అపుడు గోడవెంట జారిన ద్రవము పళ్లెములోనే పడును. రేకును మడతకు వెలుపల దించి, సందును బంకతో పూడ్చినవాడు ఆ బంక ఊడిన దినమున నేలను తుడుచుకొనవలసి వచ్చును. ఒకదానిపై నొకటి కప్పిన అతుకు ఏండ్ల తరబడి పనిచేయును. బంకను మాత్రమే నమ్మిన అతుకు బంక యున్నంతవరకే పనిచేయును.

పళ్లెమును కొంచెము వాలుగా నుంచి, పల్లపు మూలను తూము పెట్టవలెను. మీటరు పొడవునకు రెండు సెంటీమీటరుల వాలున్నచో ద్రవము చక్కగా పారును. రజను మాత్రము అంత వాలునకు కదలదు. దానిని చీపురుతో ఊడ్వవలెను, లేదా ధారతో కడుగవలెను. తూమునకు జల్లెడ పెట్టక తప్పదు. పెట్టినచో రజను దానిని మూయకయు మానదు. అట్లు మూసికొనిపోయినను ప్రమాదము రాకుండ ముందే లెక్క చూచుకొనవచ్చును. తొట్టిలో 20 లీటరుల కూలెంటున్నదనుకొందము. పళ్లెము వెడల్పు ఒక మీటరు, లోతట్టు 80 సెంటీమీటరులు. తూము పూడి, పంపు తొట్టిలోని ద్రవమునంతయు పైకి తోడివేసినను, సమమైన పళ్లెములో అది 25 మిల్లీమీటరుల ఎత్తే నిలుచును. వాలు వలన పల్లపు మూల మరికొంత లోతగును. అంచులను 60 మిల్లీమీటరుల ఎత్తున మడిచినచో ఒక్క చుక్కయు పొర్లదు. పంపు ఆపుటను మరచినను పళ్లెము మరువదు.

బంక బొత్తిగా అక్కరలేదని కాదు. కప్పుదల కుదరని మూలలలో సిలికోను బంక రాయుదురు. దానిని తడి తగులు లోపలివైపున రాయవలెను. వెలుపల రాసినచో అతుకులోనికి చేరిన ద్రవము బంకను వెనుకనుండి త్రోసి ఊడదీయును. ఆరునపుడు వెనిగరు వాసన కొట్టు సిలికోను ఒకటి కలదు. అది విడుచు ఆమ్లము ఇనుమును తుప్పు పట్టించును గావున, ఆ వాసన లేని రకమునే ఎన్నుకొనవలెను.

ఇక కిటికీ. పని యెట్లు జరుగుచున్నదో చూడనిదే యంత్రమును నడుపరాదు. సాధారణపు గాజు గీతలు పడనిది గాని పగులునది. యాక్రిలికు తేలికయే, అయినను గట్టి దెబ్బకు వాడి ముక్కలగును. 1953లో జర్మనీలోని బేయరు సంస్థలో హెర్మన్ ష్నెల్ రూపొందించిన పాలీకార్బనేటు అను పారదర్శక పదార్థము దెబ్బకు సొట్టపడును గాని సులభముగా పగులదు. కావున కిటికీకి అదియే తగినది. దానికిని రెండు బలహీనతలు కలవు. రజను తగిలి గీతలు పడి మసకబారుట కంటికి కనబడును. కూలెంటు సోకి కొన్ని ఏండ్లలో పెళుసెక్కుట కంటికి కనబడదు. పెద్ద యంత్రములు చేయువారు అందుచేతనే పాలీకార్బనేటునకు లోపలివైపున గాజు పలకను అమర్చుదురు. గీతలను గాజు ఓర్చును, దెబ్బను పాలీకార్బనేటు ఓర్చును. ఇంటివాడు అంతపని చేయకున్నను, మసకబారిన పలకను మార్చుటకు వెనుదీయరాదు.

పలకను బిగించు విధము కూడ ముఖ్యమే. దానిని చట్రమునకు లోపలివైపున అమర్చవలెను. అపుడు ఎగిరివచ్చిన తునక పలకను చట్రమునకు ఒత్తును. వెలుపల అమర్చినచో మరమేకులతో సహా ఊడగొట్టును. పాలీకార్బనేటు వేడికి ఇనుముకంటె ఎక్కువగా పెరుగును. మీటరు పొడవు పలక 20 డిగ్రీల వేడికి ఇంచుమించు ఒకటిన్నర మిల్లీమీటరు సాగును. మరమేకుల రంధ్రములను కొంచెము వదులుగా చేయనిచో అది ఉబ్బి, రంధ్రములయొద్ద చిట్లును. మరమేకులు వదులుకాకుండ రాయు జిగురును ఈ పలకకు తాకనీయరాదు; అది తగిలినచోట సన్నని పగుళ్లు పుట్టును.

తలుపు అడుగు అంచు కూడ పళ్లెపు మడతకు లోపలనే మూసికొనవలెను. తలుపు తెరచినంతనే స్పిండిలు మోటారునకు విద్యుత్తు ఆగునట్లు ఒక స్విచ్చి అమర్చుట అవసరము. విద్యుత్తు ఆగినను కట్టరు తత్‌క్షణమే నిలువదు. మరికొన్ని చుట్లు తిరిగిన పిమ్మటనే నిలుచును. ఆపదవేళ నొక్కు ఎర్రని మీట గూటికి వెలుపల, తలుపు తెరువకయే చేతికందు తావున ఉండవలెను. విద్యుత్ పరికరముల పెట్టెకు గూటిలో చోటులేదు. లోనికి పోవు తీగలు నేరుగా రంధ్రములో దూరరాదు. ఒకింత క్రిందికి వ్రేలాడి, మరల పైకి లేచి దూరవలెను. తీగవెంట జారిన నీరు ఆ వంపు అడుగున చుక్కలై రాలిపోవును.

ఇంత బిగువుగా కట్టిన గూటికి ఆ బిగువే ఒక దోషమగును. వేడి అన్నపు గిన్నెపై మూత పెట్టినచో మూత లోపల నీరు పట్టును. పని ముగించి తలుపులు మూసిపోయినచో రాత్రి కూలెంటులోని నీరు ఆవిరియై, చల్లబడిన ఇనుముపై చెమ్మగా దిగి తుప్పు పట్టించును. కావున పని లేనపుడు తలుపులు తెరచియుంచుటయే మేలు. పని జరుగునపుడు లోపలి వేడి మరియొక చిక్కు. 300 మిల్లీమీటరుల ఉక్కు 5 డిగ్రీల వేడికి మిల్లీమీటరులో 0.018 వంతు పెరుగును. తలవెండ్రుకలో పావువంతైన ఆ పెరుగుదల సన్నని పనిని చెడగొట్టును. కొయ్యను పొడిగా చెక్కువారు వడపోత గల పంకాతో లోపలి గాలిని నిరంతరము లాగుదురు. అపుడు వెలుపలి గాలియే సందులగుండ లోనికి పోవును. ధూళి వెలుపలికి రాదు.

శబ్దము ఈ అన్నిటికంటె మొండిది. ఎనిమిది గంటలు వినుటకు 85 డెసిబెలులు హద్దని అమెరికాలోని వృత్తి భద్రతా ఆరోగ్య జాతీయ సంస్థ సిఫారసు. అంతకు 3 డెసిబెలులు పెరిగినకొలది వినదగిన కాలము సగమగును. గోడల విస్తీర్ణములో నూరవవంతు రంధ్రముగా నున్నచో, మిగిలిన గోడ ఎంత మందమైనను శబ్దము 20 డెసిబెలులకు మించి తగ్గదు. శబ్దము తగ్గునని లోపల స్పంజి అంటించువారు కలరు. కూలెంటు వాడు గూటిలో ఇది తగదు. స్పంజి దానిని పీల్చి మురిగి కంపుకొట్టును. నూనె పీల్చినచో నిప్పునకు ఆహారమగును.

కట్టిన గూటిని పని మొదలిడుటకు ముందే పరీక్షింపవలెను. రాత్రివేళ గదిలోని దీపములార్పి, గూటిలో ఒక దీపముంచి తలుపులు మూసినచో సందులనుండి వెలుగు వచ్చును. వెలుగు వచ్చినచోట ధూళియు వచ్చును. వెలుగు రానిచోట నీరు రాదని మాత్రము తలపరాదు. నీరు వంకర దారిన పోగలదు. కనుక విద్యుత్తును పూర్తిగా తొలగించి, గూటి క్రింద పాత వార్తాపత్రికలు పరచి, చెంబుతో గోడలపై నీరు పోయవలెను. మరునాటి ఉదయము కాగితముపై మరక కనబడినచో దానికి సరిగా పైన వెదకుట వ్యర్థము. నీరు చట్రము వెంట మూరెడు దూరము నడచి, ఎక్కడనో రాలియుండును. కాగితములు మార్చి, అడుగు అతుకునుండి ఆరంభించి జానెడు జానెడుగా పైకి నీరు పోయుచు రావలెను. పైనుండి పోసినచో అతుకులన్నియు ఒక్కసారి తడిసి, దొంగ ఎచట నున్నదో తెలియదు. ఇట్లు వెదకినపుడు తరచుగా పట్టుబడునది పెద్ద సందు కాదు. యంత్రమును బల్లకు బిగించుటకై పళ్లెమునకు చేసిన నాలుగు బోల్టు రంధ్రములలో నొకటి. దాని చుట్టును తడి ఆర్చి, బోల్టు తల క్రింద లోపలివైపున సిలికోను రాసి, ఒక దినము ఆరనిచ్చి, మరల చెంబెడు నీరు పోసి చూడవలెను.