నాలుగు గడులు, ఒక నలుపు

బాలాసోరు దాటి ఉత్తరాభిముఖముగా పోవు రైళ్ళలో కొన్ని ఖరగ్‌పూర్ పెద్ద స్టేషనులో అడుగుపెట్టక, దానికి పొరుగుననే యున్న హిజ్లీ అను చిన్న స్టేషనులో కాసేపు నిలిచి తమ దారిన తాము పోవును. ఒకప్పుడు లోకమున కెల్ల పొడవైనదని చిన్నప్పటి పుస్తకములలో చదువుకొన్న ఆ ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారము, నేటి 1072 మీటర్ల మేరయు, ఈ కొసనుండి ఆ కొసకు ఒక్కమారైనను నడిచి చూడవలెనని ముచ్చటపడి వచ్చిన తెలుగు ప్రయాణికునకు, ఇట్లు హిజ్లీలో దిగవలసి వచ్చుట మొదట నిరాశనే కలిగించును. కాని న్యాయశాస్త్రమును చదువగోరువాడు దిగవలసిన స్టేషను ఇదియే యని నా అభిప్రాయము.

ఏలయన, 1930లో ఆంగ్ల ప్రభుత్వమువారు వంగదేశపు విప్లవకారులను విచారణ యను తతంగ మేదియు లేకుండ బంధించి యుంచుటకై నెలకొల్పిన నిర్బంధ శిబిరము ఈ హిజ్లీలోనిదే. 1931 సెప్టెంబరు 16వ నాటి రాత్రి కావలివారు నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరుపగా సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా యను నిద్దరు యువకులు నేలకొరిగినదియు, ఆ మరణములకు రవీంద్రనాథుడును సుభాష్ చంద్రబోసును ఎలుగెత్తి నిరసన తెలిపినదియు ఈ గోడల మధ్య జరిగిన కథకు సంబంధించినదే. ఆ భవనములోనే 1951లో దేశపు తొలి ఐ.ఐ.టి. పాఠములు మొదలైనవి. ఆ విద్యాసంస్థ ఆవరణలోనే 2006లో రాజీవ్ గాంధీ మేధోసంపత్తి న్యాయ పాఠశాల వెలసినది. విచారణ లేని చెరసాల యుండిన నేలపై, విచారణ యెట్లు జరుపవలయునో నేర్పెడి బడి! ఇట్టి పొందిక కావలెనని ఎవరును కోరి కూర్చినది కాదు. చరిత్ర అప్పుడప్పుడు చూపెడి చమత్కార మిది.

ఈ బడిలో చేరుటకు వచ్చువారు సామాన్య న్యాయ విద్యార్థులవంటివారు కారు. ఇంజనీరింగులోనో, వైద్యములోనో, తత్సమానమైన మరియొక శాస్త్రములోనో పట్టము పుచ్చుకొన్నవారు ఇక్కడికి వచ్చి మూడేండ్ల ఎల్.ఎల్.బి. చదువుదురు. పాఠశాల తానై నడిపిన ప్రవేశ పరీక్షలో ఆంగ్లము, తర్కము, న్యాయాభిరుచి యనువానితోబాటు గణితమును, ప్రాథమిక విజ్ఞానమును గూడ అడుగుట చూచి, ప్లీడరు కాదలచినవానికి భౌతికశాస్త్ర మెందుకని పాతకాలపు పెద్దలు ముక్కున వ్రేలు వేసికొన వచ్చును. కాని పేటెంటు దస్తావేజు వ్రాయువానికి యంత్రము తెలియనిచో వాక్యమెంత సొగసుగా నున్నను వ్యర్థమే. అందుకే మన దేశమున పేటెంటు ఏజెంటు పరీక్షకు కూర్చుండువానికి విజ్ఞానశాస్త్రపు పట్టము తప్పనిసరి చేసినారు. 1970 నాటి పేటెంటు చట్టములోని 3(డి) నిబంధనను పట్టుకొని, పాత మందునకు క్రొత్త రూపమిచ్చినంత మాత్రాన క్రొత్త హక్కు పుట్టదని 2013లో సుప్రీంకోర్టు నోవార్టిస్ మందుల కంపెనీ కేసులో తేల్చినప్పుడు, ఆ వాదమున రసాయనశాస్త్రమెంతో న్యాయశాస్త్రమంత.

మేధోసంపత్తి యన యంత్రములును మందులును మాత్రమే కావు, మిఠాయిలును గలవు. బాంగ్లార్ రసగుల్లకు 2017లోను, ఒడిశా రసగోలాకు 2019లోను భౌగోళిక గుర్తింపులు లభించినవి. ఈ రెంటి నడుమ, అటు కలకత్తా ఇటు కటకము గల యీ ఊరిలో, రెండు దుకాణములలోను రెండును తిని యెవరి పక్షమును పట్టక ఊరకున్నవాడు తెలుగువాడొక్కడే యనుకొందును. వాని తిరుపతి లడ్డుకు 2009లోనే గుర్తింపు వచ్చినది గదా!

తెలుగువా డిక్కడి కెట్లు వచ్చెనందురా? బెంగాల్ నాగపూర్ రైల్వే కర్మాగారము వానిని రప్పించినది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము మండలములనుండి కూలికై బయలుదేరినవారు ఇచ్చటి బాయిలర్ల వేడిలోను, సుత్తెల మోతలోను తరములు గడిపి, మథురాకాటీ, నింపురా మొదలగు పేటలలో స్థిరపడి, నేటికిని ఏటేట మాతపూజ చేసికొనుచు, ఇంట తెలుగును, బజారున హిందీ వంగములను, ఆఫీసున ఆంగ్లమును మాటలాడుచున్నారు. రైల్వే కొలువును వంశపారంపర్యమైన ఆస్తివలె భావించిన ఆ యిండ్లలో ఇప్పుడు మూడవ తరము, నాలుగవ తరము పిల్లలు చదువుచున్నారు. ఇంజనీరింగు కోచింగునకు పోయినవారు పోగా, మిగిలినవారిలో కొందరి కన్ను న్యాయ విద్యపై పడుచున్నది.

అట్టి యింటి నొకదానిని ఊహించుకొనుడు. తండ్రి కర్మాగారములో ఫిట్టరు. తల్లి వంటయింటిలో నుండియే ఇంటి లెక్కలన్నియు నోటితో కట్టగలది. కూతురు పండ్రెండవ తరగతి ముగించుచు క్లాట్ పరీక్షకు చదువుచున్నది. 2008లో మొదలైన ఈ పరీక్షలో నెగ్గినచో ఐదేండ్ల సమగ్ర న్యాయవిద్యకు దేశమందలి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయముల తలుపులు తెరచుకొనును. ఒక విచిత్రము గమనింపుడు: కలకత్తాలోని నుజ్స్ అను న్యాయ విశ్వవిద్యాలయము, కటకములోని ఒడిశా విశ్వవిద్యాలయము, విశాఖపట్టణము చెంతనున్న దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయము, ఈ మూడును హౌరా–మద్రాసు రైలుమార్గమును అంటిపెట్టుకొనియే యున్నవి. అమ్మాయి తాత ఏ పట్టాలమీద కూలికై వచ్చెనో, ఆ పట్టాలమీదనే మనుమరాలు ఏ వైపునకు పోయినను న్యాయ విద్యయే తగులును. ర్యాంకు రావలె నంతియే.

పరీక్ష రూపమును గూర్చి చెప్పవలసినది కొంత కలదు. నూటయిరువది ప్రశ్నలు, నూటయిరువది నిమిషములు. ఒప్పునకు ఒక మార్కు, తప్పునకు పావు మార్కు కోత. ఆంగ్లము, వర్తమాన వ్యవహారములు, న్యాయ తర్కము, సామాన్య తర్కము, అంకగణితము. గణితము తక్క తక్కినవన్నియు దరిదాపు నాలుగువందల యేబది పదముల పాసేజీల రూపముననే యుండును. పూర్వము లాటిన్ సూత్రములను వల్లెవేసినవాడు గట్టెక్కెడివాడు. 2020 నుండి చదివి గ్రహించువాడే గట్టెక్కవలసి వచ్చినది. ఈ మార్పు మంచిదే యని నేను నమ్ముదును గాని, అందలి ముల్లు నొకదానిని దాచరాదు. క్లాట్ ఆంగ్లములో మాత్రమే జరుగును. మన రెండు తెలుగు రాష్ట్రముల లాసెట్ పరీక్షలో తొంబది నిమిషములలో నూటయిరువది ప్రశ్నలకు తెలుగులోను చదివి జవాబు గుర్తింప వచ్చును; తప్పునకు కోతయు లేదు. తెలివి యొక్కటే యైనను, ఆంగ్ల పత్రికల వాక్యమున కలవాటుపడిన నగరపు పిల్లకును, వంగ పాఠశాలలో చదివి తెలుగింట పెరిగిన మథురాకాటీ పిల్లకును నిమిషమునకు చదువగల పంక్తులలో తేడా యుండక తప్పదు. గడియారము ఆ తేడాను తెలివిలోని తేడాగా లెక్కించును.

ఆ అమ్మాయి చదువు నెట్లు సాగించుచున్నదో చూతము. తెల్లవారుజామున పత్రిక చదువును, పగలు బడి, సాయంత్రము ఒక మాక్ టెస్టు, రాత్రి ఆ టెస్టులోని తప్పుల పరామర్శ. ఈ చివరిదే అసలైన చదువని అనుభవజ్ఞులందరును ఒప్పుకొందురు. న్యాయ తర్కపు పాసేజీలో ఒక సూత్రము నిచ్చి, పిదప ఒక వృత్తాంతమును జెప్పి, ఆ సూత్రమును ఈ వృత్తాంతమునకు అన్వయింపుమందురు. సూత్రము లోకమునకు న్యాయమా అన్యాయమా యని యోచించుట అభ్యర్థి పని కాదు. ఇచ్చటనే మంచి మనసుగల పిల్లలు మార్కులు పోగొట్టుకొందురు.

మనకు నచ్చిన దృష్టాంతము నొకదానిని కల్పించుకొందము. సూత్రము: తనకు కలుగబోవు హానికి తెలిసి సమ్మతించినవాడు ఆ హానికై దావా వేయజాలడు. దీనినే లాటిన్‌లో వొలెంటి నాన్ ఫిట్ ఇంజూరియా యందురు. వృత్తాంతము: రైలులో పై బెర్తుమీద ఒకరి ఆవకాయ జాడీ ఊగుచుండుట చూచియు, వేరొక చోటు దొరకక, క్రింద కూర్చున్న ప్రయాణికుని తెల్లని చొక్కాపై నూనె ఒలికినది. జాడీ సొంతదారు, చూచియే కూర్చున్నాడు గనుక నా పూచీ లేదనును. తొందరపడు అభ్యర్థి సొంతదారునిదే గెలుపని గడి నలుపు చేయును. నిదానించువాడు సూత్రములోని ‘సమ్మతించిన’ యను పదమువద్ద ఆగును. అపాయము తెలియుట వేరు, అపాయమునకు సమ్మతించుట వేరు; ఈ రెంటిని న్యాయస్థానములు ఏనాడో విడదీసినవి. కావున ప్రయాణికుని దావా నిలుచును. ఒక్క పదమువద్ద అర నిమిషము నిలువగలుగుటకే ఏడాది పొడుగునా ఆ చదువంతయు.

ఇట్లు సూత్రమును వృత్తాంతమున కన్వయించు తర్కము పడమటివారినుండి మన కబ్బిన విద్య యనుకొనుట పొరపాటు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అను ఐదు అవయవములతో వాక్యమును నిలువబెట్టుట మన నైయాయికులకు నిత్యకృత్యము. విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము అని అధికరణమును నడపుట మీమాంసకులకు వెన్నతో బెట్టిన విద్య. పదమూడవ శతాబ్దమునందే మూలఘటిక కేతన మితాక్షర యను సంస్కృత గ్రంథము ననుసరించి విజ్ఞానేశ్వరీయమను ధర్మశాస్త్ర గ్రంథమును పద్యములలో తెలుగునకు తెచ్చియుండెను. ఋణములు, పంపకములు, సాక్షులు మొదలగు వ్యవహారములు తెలుగు పద్యమున నిమిడినవన్న మాట తెలిసిన పిదప, తెలుగులో న్యాయశాస్త్రమునకు మాటలు చాలవనువారి నోరు కొంత మూతపడవలెను. మూతపడుట లేదు.

రైల్వే ఖరగ్‌పూర్‌కు న్యాయవాది యనగానే స్ఫురింపవలసిన తెలుగు పేరు వరాహగిరి వేంకటగిరిగారిది. 1894లో బరంపురమున జన్మించి, ఐర్లండునకు పోయి డబ్లిన్‌లో న్యాయశాస్త్రము చదివి, 1916 నాటి ఈస్టరు తిరుగుబాటు దినములలో ఆ దేశపు స్వాతంత్ర్యవాదులతో సంబంధమున్నదన్న అనుమానమునకు లోనై స్వదేశమునకు మరలి వచ్చిన ఆ యువ బారిస్టరు, బరంపురపు కచేరీలలో వాయిదాలు లెక్కించుకొనుచు సుఖముగా నుండక, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘము నడుపుటకు పూనుకొనెను. 1920ల చివర ఉద్వాసన చెప్పబడిన కార్మికుల పక్షమున ఖరగ్‌పూర్‌లో సాగిన పోరాటములలో ఆయన పాత్ర ప్రసిద్ధము. మన ఊహలోని అమ్మాయి ముత్తాత ఆయన ప్రసంగమును గేటుబయట నిలుచుండి వినియుండ వచ్చును. వినకపోయియు నుండ వచ్చును. గిరిగారు అటుపిమ్మట రాష్ట్రపతియై, తన ఎన్నికపై వచ్చిన వ్యాజ్యమున 1970లో తానే సాక్షిగా సుప్రీంకోర్టుకు హాజరైనారు. పదవిలో నుండిన రాష్ట్రపతి యొకరు న్యాయస్థానమున సాక్ష్యము చెప్పుట అదియే ప్రథమము. ఆ వ్యాజ్యము కొట్టివేయబడినది. అంతటి పదవిలోనుండియు వకీళ్ళ అడ్డుప్రశ్నలకు జవాబు చెప్పుటకు వెనుదీయని ఆ దృశ్యము ఏ మాక్ టెస్టులోను రాదుగాని, ఏ పాసేజీకంటెను నాకు మిన్నగా తోచును.

ఈ పరీక్షలపై నాకు గల మనస్తాపమును ఇక చెప్పుదును. నాలుగు గడులు, అందు ఒకటియే సరియైనది, దానికే నలుపు. వేలాదిమందిని వేగముగా వడపోయుటకు వేరు దారి లేదని నేనెరుగుదును. కాని న్యాయశాస్త్రమున నిన్నటి తప్పు జవాబు రేపటి ఒప్పు జవాబగుట అరుదు కాదు. ఖడక్ సింగ్ కేసును చూడుడు. సాక్ష్యము చాలక దోపిడి కేసులో విడుదలైన ఒక మనిషి పేర పోలీసులు హిస్టరీ షీటు తెరచి, రాత్రివేళ తలుపు తట్టి, అతని రాకపోకలపై నిఘా వేసిరి. 1962లో సుప్రీంకోర్టులోని అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు రాత్రి తనిఖీలను మాత్రము చెల్లవని, తక్కిన నిఘాను చెల్లునని, ఏకాంతహక్కు రాజ్యాంగమున హామీ యీయబడలేదని తీర్పుచెప్పిరి. రాజమహేంద్రవరమున పుట్టిన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు, తోటి న్యాయమూర్తి షా గారితో గూడి, దాని కొప్పుకొనలేదు. నిత్యము కనిపెట్టబడువాడు స్వేచ్ఛగా తిరుగుచున్నాడనుట యెట్లు? ఏకాంతము వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమే యన్నది వారి వాదము. అప్పటికి అది ఓడిన పక్షము. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి కేసులో ఏకగ్రీవముగా ఏకాంతహక్కును మౌలికహక్కుగా గుర్తించినప్పుడు, యాబదియైదేండ్ల క్రిందట ఓడిన పక్షము గెలిచినది. ఖడక్ సింగ్ తీర్పు వెలువడిన తొలినాళ్ళలో ఈ ప్రశ్నను ఇట్టి పరీక్షలో వేసియుండిన యెడల, సుబ్బారావుగారి అభిప్రాయమును గుర్తించిన పిల్లకు పావు మార్కు కోత పడియుండెడిది.

హిజ్లీలో ఈ మాట మరింత గుచ్చుకొనును. నిర్బంధించినవానిని ఇరువదినాలుగు గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెననియు, తన కిష్టమైన న్యాయవాదిని సంప్రదించు హక్కు వాని కుండవలెననియు చెప్పు రాజ్యాంగపు 22వ అధికరణమే, ఆ వెంటనే ముందుజాగ్రత్త నిర్బంధములకు ఈ రక్షణ వర్తింపదనియు చెప్పుచున్నది. శిబిరములు చూచిన తరమే ఆ రెండవ మాటను గూడ వ్రాసినది. అమ్మాయి ఈ అధికరణమును మూడు మార్లు చదివి, మూడవ మారు పెన్సిలు పెట్టి ఒక ప్రశ్నార్థకము గీచినదని అనుకొందము. ఆ ప్రశ్నార్థకమునకు ఓ.ఎం.ఆర్. పత్రములో చోటు లేదు.

రాత్రి భోజనములవేళ ఆమె ఆవకాయ జాడీ ప్రశ్నను తల్లికి చదివి వినిపించినది. తల్లి గరిటె పట్టుకొని సావధానముగా విన్నది.

“ఆ జాడీకి వాసెన కట్టనేదేటే?”

“ఆ ముక్క ప్రశ్నలో నేదమ్మా.”

“మరైతే ఆ ప్రశ్న రాసినోణ్ణే ముందు అడగాల,” అని తల్లి ఆమె కంచములో మరియొక గరిటెడు పప్పు వడ్డించినది.