లిలువా కార్ఖానాకు అందని అధికారము

హుగ్లీ నదికి పడమటి గట్టున, హౌరా స్టేషను దాటినంతనే వచ్చు లిలువాలో, రైలుపెట్టెలను మరమ్మతు చేయుటకై ఈస్టు ఇండియను రైల్వేవారు 1900లో స్థాపించిన కార్ఖానా కలదు. 1928లో అచ్చటి కార్మికులు జీతముల పెంపు కోరి నెలల తరబడి పని మానిరి. మార్చి నెలాఖరున బామన్‌గాఛీ వద్ద వారిపై తుపాకులు పేలినవి. జూలైలో వట్టిచేతులతో మరల పనిలో చేరిరి. వారికి తోడు నిలిచిన బ్రిటిషు కమ్యూనిస్టు ఫిలిప్ స్ప్రాట్ మరుసటి యేడు మీరట్ కుట్రకేసులో ముద్దాయి అయ్యెను. బెంగాలు వామపక్షము పెరిగినది ఇట్టి గేట్ల ముందరనే. తరువాత ముఖ్యమంత్రియైన జ్యోతి బసు సైతము 1946లో రైల్వే కార్మికుల నియోజకవర్గమునుండియే శాసనసభకు వెళ్లెను.

ఓట్ల రాజ్యము వచ్చినంత మాత్రమున గద్దె దక్కదు. మన ఆంధ్రరాష్ట్రమున 1955లో కమ్యూనిస్టులు నూటికి 31 ఓట్లు పొందియు 196 స్థానములలో 15 మాత్రమే గెలిచిరి. ఎమర్జెన్సీ ముగిసిన 1977లో బెంగాలు వామపక్షులు జనతా పార్టీకి నూటికి 56 సీట్లును, ప్రఫుల్ల చంద్ర సేనునకు ముఖ్యమంత్రి పదవియు ఇచ్చెదమనగా, వారు 70 కావలెనని పట్టుబట్టిరి. పొత్తు చెడెను, 294 స్థానములలో 231 వామకూటమి పాలయ్యెను. ఎదుటివాని అత్యాశ ఇంతటి మేలు చేయుట అరుదు!

అయితే రైల్వేలు కేంద్రప్రభుత్వమువి. కార్మికసంఘము నడిపిన నాయకుడు ముఖ్యమంత్రియై రాష్ట్ర సచివాలయమైన రైటర్స్ బిల్డింగులో కూర్చుండినను, లిలువా గేటు లోపల ఒక్కని జీతము పెంచు అధికారము ఆయనకు లేదు. రాష్ట్రము చేతిలో నున్నవి భూమియు, పంచాయతీలును. కనుక కార్ఖానాల పార్టీ పల్లెల ప్రభుత్వమయ్యెను. 1978లో ఆరంభమైన, కౌలుదారుల పేర్లు నమోదు చేయు ఆపరేషన్ బర్గాలో అధికారులు, భూస్వామి వసారాలో కూర్చుండి అతడు చెప్పినది వ్రాసికొనుట మాని, సాయంకాలము కూలిపనులు ముగిసిన పిమ్మట కౌలురైతులను ఒకచోట చేర్చి, ఎవడు ఏ చెక్క దున్నుచున్నాడో పదిమంది యెదుట వానిచేతనే చెప్పించిరి. దాదాపు 14 లక్షల పేర్లు పట్టికకెక్కినవి. పెట్టుబడి తానే పెట్టుకొను కౌలుదారునకు పంటలో ముప్పాతిక వంతు చట్టమిచ్చినది; పట్టికలో పేరున్నవానిని భూమినుండి వెళ్లగొట్టుట సులభము కాలేదు. 34 యేండ్ల పాలనకు ఆయువుపట్టు ఇదియేనని నా అభిప్రాయము.

మరల కార్ఖానాలు కావలెనని తలచినప్పుడే చిక్కు వచ్చెను. 2006లో సింగూరున మోటారుకార్ల కార్ఖానాకై దాదాపు 1000 ఎకరములు సేకరింపగా, ఆ పొలములు దున్నుచుండిన కౌలుదారులలో తమ సర్కారే పేరు వ్రాసినవారును కలరు. మరుసటి యేడు మార్చి 14న, భూసేకరణను ఎదిరించిన నందిగ్రామములో పోలీసు కాల్పులకు 14 మంది మరణించిరి. 2011లో ప్రభుత్వము పోయెను. 2021 నాటికి బెంగాలు శాసనసభలో, స్వాతంత్ర్యము వచ్చిన పిదప మొదటిసారిగా, కమ్యూనిస్టు సభ్యుడు ఒక్కడును లేకపోయెను.