స్వస్తిక్ ఏ వైపు తిరగాలి?

గడ్డపోతారం: దసరా ఆయుధపూజ నాడు ఇక్కడి ఫ్యాక్టరీల గేట్ల ముందు లారీలు బారులు తీరి ఉంటాయి. వాటి మీద పసుపు కుంకుమలతో వేసిన స్వస్తిక్ గుర్తులన్నీ ఒకే వైపు తిరిగి ఉండవు. ఒక దసరాకు గుర్తును ఎడమకు తిప్పి వేశాడని క్లీనరు కుర్రాణ్ణి డ్రైవరు అందరి ముందూ తిట్టి, గుడ్డతో తుడిపించాడు. "అది హిట్లర్ గుర్తురా, అపశకునం" అన్నాడు. కుర్రాడు బిక్కచచ్చిపోయాడు.

డ్రైవరు మాట నిజం కాదు. పై చెయ్యి కుడికి వంగి ఉండటం మన గడపల మీది స్వస్తిక్ పద్ధతి. హిట్లర్ పార్టీ 1920లో తన జెండాకు తీసుకున్నదీ అలా కుడికి తిరిగినదే. 1935లో అదే జర్మనీ జాతీయ జెండా అయింది. ఎర్ర గుడ్డ, తెల్లని వలయం, అందులో ఏటవాలుగా నల్లని గుర్తు. మనది నిటారుగా ఉంటుంది, మధ్య నాలుగు చుక్కలు పెడతాం. అంతే తేడా.

'సు' అంటే మంచి, 'అస్తి' అంటే ఉండుట. మేలు కలగాలని వేసే గుర్తు ఇది. కుడికి తిరిగినది సూర్యుని నడక, ప్రదక్షిణ అని పెద్దలు చెబుతారు. ఎడమకు తిరిగినది తాంత్రిక పూజల్లో కనిపిస్తుంది. సుమారు నాలుగున్నర వేల ఏళ్ళ నాటి సింధులోయ ముద్రల మీద మాత్రం రెండు రకాలూ ఉన్నాయి.

అంత దూరం ఎందుకు, మన పక్కనున్న పటాన్‌చెరు ఒకప్పుడు జైనుల కేంద్రం. జైనుల ఏడవ తీర్థంకరుడు సుపార్శ్వనాథుని చిహ్నం స్వస్తిక్. దాని నాలుగు చేతులు దేవ, మనుష్య, తిర్యక్, నరక జన్మలని వారి నమ్మకం. గుడిలో బియ్యపు గింజలతో ఆ గుర్తు వేసి దండం పెడతారు. నాగార్జునకొండలో బౌద్ధులు స్తూపం లోపలే స్వస్తిక్ ఆకారంలో ఇటుక గోడ కట్టారు. ఇక జపాన్ పటాల్లో బౌద్ధాలయానికి గుర్తు ఎడమకు తిరిగిన స్వస్తికే. క్లీనరు కుర్రాడు వేసిందీ అదే!

చిక్కల్లా పరదేశంలో వస్తుంది. హిట్లర్ పాలనలో సుమారు 60 లక్షల మంది యూదులను చంపారు. వారి పిల్లలకు ఈ గుర్తు కనబడితే గుండె ఆగినంత పని అవుతుంది. జర్మనీలో నాజీ గుర్తును ప్రదర్శించడం నేరం. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2022లో నాజీ గుర్తును నిషేధిస్తూ హిందువులు, బౌద్ధులు, జైనుల మత వినియోగానికి మినహాయింపు ఇచ్చింది. ఇక్కడి మందుల కంపెనీల్లో పని నేర్చి విదేశం వెళ్ళే కుర్రాళ్ళు బండికో, చొక్కాకో ఈ గుర్తు పెట్టుకునే ముందు అక్కడున్న మనవాళ్ళను ఒక మాట అడగడం మేలు.