పుష్యమాసంలో చేప ఏ గట్టున ఉంటుంది?

సంక్రాంతి రోజుల్లో అమలాపురం, కొత్తపేట కాలువల మీద మంచులోనే గాలం వేసి, ఉత్త చేతులతో ఇంటికి పోయేవాళ్లు చాలామంది. చేప లేక కాదు. వేళ తప్పుతోంది, గట్టు తప్పుతోంది.

చేప ఒంటికి సొంత వేడి ఉండదు. నీటి వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఒంట్లో జరిగే పని దాదాపు సగానికి పడిపోతుంది. 25 నుంచి 30 డిగ్రీల నీళ్లలో ఆబగా మేసే బొచ్చె, శీలావతి 20 దగ్గరకొచ్చేసరికి మేత తగ్గించేస్తాయి. అందుకే ఈ రోజుల్లో పెద్ద పిండిముద్ద దండగ, చిన్న వానపాము ముక్క చాలు. బెండు మునిగేదాకా ఆగొద్దు, వణికితే లాగేయాలి.

చలి దేశాల వాళ్లు లోతుకు వేయమంటారు. 4 డిగ్రీల నీరు అన్నిటికంటే బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది, పైన గడ్డకట్టినా చేప కింద బతుకుతుంది. మన కాలువలు ఆ ఛాయలకే పోవు. ఇక్కడ ఎండెక్కాక ముందు వెచ్చబడేది లోతు తక్కువున్న అంచు. పగలు 11 నుంచి 3 దాకా చూడాల్సింది అక్కడే.

అయితే ఏ అంచు? డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా కోనసీమలో సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణపు గట్టు మీద 15 మీటర్ల కొబ్బరిచెట్టుంటే దాని నీడ 12 మీటర్లకు పైగా నీళ్ల మీదికి సాగుతుంది. తూర్పు పడమరలుగా పారే కాలువలో ఎండంతా ఉత్తరపు అంచుదే. మే మొదటి వారంలో ఇదే చెట్టు నీడ మధ్యాహ్నానికి మొదట్లోకి ముడుచుకుంటుంది. అప్పుడీ లెక్క పనిచేయదు.

వేసవిలో నీళ్లు దూకే లాకుల దగ్గర చేపలు మూగేది ప్రాణవాయువు కోసం. 30 డిగ్రీల నీటిలో అది లీటరుకు 7.5 మిల్లీగ్రాములకు మించి కరగదు, 20 డిగ్రీల్లో 9 దాకా కరుగుతుంది. చలిలో ఆ ఎదురీత అవసరం లేదు గనుక నీరు నిలిచిన మలుపులే నయం. కొరమీను మాత్రం గాలి కోసం పైకి రావాల్సిందే. గుర్రపుడెక్క సందుల్లో కన్నేసి ఉంచండి.

రాజోలు వైపు వైనతేయలో వేళను పోటుపాట్లు కూడా నిర్ణయిస్తాయి. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే రేపటి పోటు 50 నిమిషాలు ఆలస్యం.

చివరగా ఒక విన్నపం. 18 నుంచి 22 డిగ్రీల చల్లని నీళ్లలో చేపలకు ఎర్రపుండ్ల జబ్బు విజృంభిస్తుంది. 1988లో మన దేశంలోకి వచ్చిన ఈ జబ్బు నీటి ద్వారానే పాకుతుంది. పుండున్న చేప గాలానికి పడితే దయచేసి దాన్ని వేరే చెరువులో వదలకండి.