గిన్నెలు తోమితేనే బీరు!

అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేశాక ఇంట్లో వైన్ చేసుకోనిచ్చారు. బీరుకి మాత్రం 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టేదాకా ఆ భాగ్యం లేదు. పెద్దవాళ్లు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, పన్ను లేకుండా... అమ్మకూడదంతే!

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, వడకట్టి, హాప్స్ పూలతో గంటసేపు మరిగిస్తారు. చల్లార్చి ఈస్టు కలుపుతారు. ఇక్కణ్నుంచే అసలు పరీక్ష. తగిలే ప్రతి గిన్నే, గొట్టమూ క్రిముల్లేకుండా కడగాలి. లేదంటే రుచి పాడై మొత్తం పారబోయాల్సిందే. సగం పని అంట్లు తోమడమేనన్నమాట! పులియడం పూర్తికాకుండా సీసాల్లో బిగించారో, గ్యాసు ఎక్కువై అవి పేలిపోతాయి.

ఇంత చాదస్తాన్నీ ఇష్టంగా భరించినవాళ్లలో కెన్ గ్రాస్‌మన్ ఒకరు. కాలిఫోర్నియాలోని చికోలో 1980లో ఆయన సియెర్రా నెవాడా కంపెనీ తొలి బీరు కాచింది పాత డెయిరీ సామాన్లతోనే.